విశ్వవిద్యాలయం గడప: పడమటి తాలూకాల వైపు నుంచి

మన విశ్వవిద్యాలయాల చరిత్రలు చాలావరకు లోపలి వాళ్ళు రాసినవే. వైస్ ఛాన్సలర్ల వరస, భవనాల శంకుస్థాపనలు, స్నాతకోత్సవాల్లో మహనీయుల ఉపన్యాసాలు, వెలువడిన గ్రంథాలు వాటిలో కనిపిస్తాయి. ఆ చరిత్రల్లో సాధారణంగా కనిపించని అధ్యాయం ఒకటుంది: ఏ సంవత్సరంలో ఏ ఊరివాళ్ళు, ఏ కులంవాళ్ళు గడప దాటారు, ఎవరు దాటలేకపోయారు, దాటకుండా ఆపింది ఏ కాగితం? ఆ అధ్యాయాన్ని విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో కూర్చుని రాయడం కష్టం. కొనకనమిట్ల వంటి చోట నిలబడి చూస్తే కొంత సులువు. ఇక్కడివాళ్ళకి ప్రవేశం ఎన్నడూ సహజంగా దొరకలేదు. ప్రతిసారీ ఎవరో గీసిన గీతను దాటడంగానే అది వాళ్ళకు ఎదురైంది.

సాహిత్య విమర్శకు కేటాయించిన పేజీల్లో ఈ ప్రస్తావన ఎందుకని అడిగేవారుంటారు. గత ముప్పై నలభై ఏళ్ళ తెలుగు సాహిత్యంలో బలమైన భాగం, దళిత కవిత్వం కానీ, బహుజన కథ కానీ, స్త్రీల రచన కానీ, ఎక్కువగా తమ కుటుంబంలో మొదటిసారి కళాశాల మెట్లెక్కినవాళ్ళ చేతుల్లోంచి వచ్చిందే. ఆ మెట్ల చరిత్ర తెలియకుండా ఆ సాహిత్యపు వస్తువు గురించీ శిల్పం గురించీ మాట్లాడటం పునాది చూడకుండా మేడను వర్ణించడమే.

పొదిలికీ మార్కాపురానికీ మధ్య పరుచుకున్న మెట్ట ప్రాంతం కొనకనమిట్ల. నీళ్ళలో ఫ్లోరైడు, వానల్లో అనిశ్చితి, పంటల్లో కంది, సజ్జ. కోతల కాలంలో గుంటూరు మిరప చేలకు వలస. కొంచెం పడమటికి పోతే మార్కాపురం, పలకల ఊరు. దేశంలో ఎన్నో రాష్ట్రాల పిల్లలు అ ఆలు దిద్దిన పలకలు ఈ నేల పొరల్లోంచి తీసినవే. భూమిలోంచి రాయిని తీసి, పొరలుగా చీల్చి, కోసి, అరగదీసి, చట్రం బిగించే పనిలో పెద్దలతోపాటు పిల్లలూ ఉండేవారు. 1987లో కేంద్ర ప్రభుత్వం బాలకార్మిక విధానం ప్రకటించి, దేశంలో మొదట ప్రత్యేక పథకాలు పెట్టవలసిన పరిశ్రమలను ఎంచుకున్నప్పుడు, శివకాశి అగ్గిపెట్టెల పరిశ్రమ వంటి వాటి సరసన మన రాష్ట్రం నుంచి జగ్గంపేట పెంకుల పరిశ్రమా, మార్కాపురం పలకల పరిశ్రమా చేరాయి. పలక తయారు చేసే పిల్లవాడికి పలక పట్టుకునే తీరిక లేకపోవడాన్ని కవులు వ్యంగ్యంగా చెప్పుకోవచ్చు. నాకది లెక్కల విషయంగానే కనిపిస్తుంది. బడిలో చేరినవాళ్ళలోంచే పదో తరగతికి, పదో తరగతి గట్టెక్కినవాళ్ళలోంచే కళాశాలకు, కళాశాల ముగించినవాళ్ళలోంచే విశ్వవిద్యాలయానికి. మొదటి మెట్టు దగ్గరే రాలిపోయినవాళ్ళని చివరి మెట్టు దగ్గర పెట్టే ఏ శాతమూ వెనక్కి తేలేదు.

ఈ ప్రాంతంలో "ఎవరిని చేర్చుకోవాలి" అన్న ప్రశ్న మొదట లేచింది విశ్వవిద్యాలయంలో కాదు, ఒక మిషను బడిలో. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడ్డాడు. అదే ఏడు, ఒంగోలుకు పడమటనున్న పల్లెవాడు, తోళ్ళ వ్యాపారంలో ఊళ్ళు తిరిగే యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, అతని చేత బాప్తిస్మం తీసుకున్నాడు. అప్పటికి క్లౌ దృష్టి ఒంగోలులోని అగ్రవర్ణాల మీద ఉంది. వాళ్ళ పిల్లలకు బడి కావాలి, ఆయనకు వాళ్ళు కావాలి. పేరయ్య వెనక మరికొందరు మాదిగలు రావడం మొదలుకాగానే పెద్దకులాల వాళ్ళు స్పష్టంగా తేల్చి చెప్పారు: వీళ్ళని కలుపుకుంటే మేము రాము. అన్నట్టే పిల్లల్ని మానిపించారు. ఆ దంపతులు ఆ రాత్రి బైబిలు తెరిచి, లోకం నీచులన్నవారి పక్షాన నిలబడాలని నిర్ణయించుకున్నట్టు క్లౌ తన జ్ఞాపకాల్లో చెప్పుకున్నాడు.

ఆ రాత్రి సంగతి మతచరిత్రకారులకు ముఖ్యం కావచ్చు. మనకు ముఖ్యమైనది పగటి సంగతి. బడిలో ఒక కులాన్ని చేర్చుకోవడమంటే మరో కులం బయటికి నడవడమే అన్న సమీకరణం ఆనాడే ఇక్కడ స్థిరపడింది. తరవాత నూటయాభై ఏళ్ళలో ప్రవేశాల మీద జరిగిన పెద్ద తగాదాల్లో ఈ సమీకరణమే వేరే వేరే దుస్తులు వేసుకుని వచ్చింది. చేర్చుకున్నవాడి వల్ల బడి చెడిపోతుందన్న మాట ఒకనాడు "మైల" పేరుతో వినిపించింది, తరవాత "ప్రతిభ" పేరుతో వినిపించింది.

1876–78 కరువు వచ్చినప్పుడు క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి పని పెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి మన కంభం, మార్కాపురం మీదుగానే పారుతుంది. 19వ శతాబ్దం చివరి రెండు దశాబ్దాల్లో కంభం, కనిగిరి, పొదిలి, మార్కాపురం మిషను కేంద్రాలయ్యాయి. వాటి చుట్టూ మాదిగపల్లెల్లో చిన్న చిన్న బడులు వెలిశాయి. ఆ బడుల లక్ష్యం బైబిలు చదివించడమే తప్ప పట్టభద్రుల్ని తయారు చెయ్యడం కాదు. అయినా అక్షరం ఒకసారి చేతికొచ్చాక ఇచ్చినవాడు అనుకున్న చోటే ఆగిపోదు కదా. పడమటి తాలూకాల్లో మొదటితరం దళిత ఉపాధ్యాయులు చాలామంది ఈ బడుల నీడలోంచి వచ్చినవాళ్ళే.

ఆ బడులే తరవాత ఒక చిక్కు కూడా తెచ్చిపెట్టాయి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా వర్తించింది కానీ క్రైస్తవులకు వర్తించలేదు. చదువు దారి చూపించిన మతమే చదువులో హక్కుకు అడ్డమైంది. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పుకునే నాలాంటి వాళ్ళకు ఇది పుస్తకాల్లో చదివి తెలుసుకున్న విషయం కాదు. అడ్మిషన్ రిజిస్టరులో కులం గడి, మతం గడి పక్కపక్కనే ఉంటాయి. ఆదివారం ఒక పేరు, సోమవారం ఒక పేరు ఉన్న పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. తండ్రి వేలిముద్ర వేసి, "ఆ గడిలో ఏం రాస్తే పిల్లకి మేలో అదే రాయండి సారూ" అంటాడు. ఆ గడిలో పడిన ఒక్క మాట పదేళ్ళ తరవాత ఏ కళాశాల గుమ్మం దగ్గర ఏ పాతిక మంది తీర్పరుల ముందుకు వస్తుందో ఆయనకు తెలుసు. మన పండితులకే తెలియదు.

ఇక చట్టాల చరిత్ర. నెల్లూరు, కర్నూలు జిల్లాలు రెండూ అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోవి కనుక మా పడమటి ఊళ్ళకు మద్రాసు కమ్యూనల్ జీవోయే మొదటి పాఠం. 1920లలో ఉద్యోగాలతో మొదలైన ఆ పద్ధతి తరవాత వృత్తి కళాశాలల సీట్లకు విస్తరించింది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లకూ దేశీయ క్రైస్తవులకూ కలిపి 1, ముస్లిములకు 1 చొప్పున పంపకం ఉండేది. ఇందులో వెనకబడిన కులాలు 2కే పరిమితమైతే, బ్రాహ్మణేతరుల పేరిట భూమి ఉన్న కులాలు 6 తీసుకున్న సంగతిని గమనించాలి. జస్టిస్ పార్టీ రాజకీయాల వర్గస్వభావం ఈ పంపకంలో దాచినా దాగదు.

1951లో సుప్రీంకోర్టు చంపకం దొరైరాజన్ కేసులో ఆ జీవోను కొట్టేసింది. వైద్య కళాశాలలో తనకు అన్యాయం జరుగుతుందని వచ్చిన ఆమె అసలు దరఖాస్తే పెట్టుకోలేదన్న సంగతి తీర్పులోనే ఉంది. ఆ ఏడు జూన్‌లోనే మొదటి రాజ్యాంగ సవరణ వచ్చి 15(4) అధికరణం చేరింది. రిజర్వేషన్ రాజ్యాంగం పుట్టినప్పుడే ఇచ్చిన వరమని అనుకునే విద్యార్థులు ఈ తేదీలు గుర్తుపెట్టుకోవాలి. విద్యాసంస్థల్లో ప్రవేశానికి ఆధారమైన ఆ వాక్యం, మద్రాసు రాష్ట్రంలో చెలరేగిన ఆందోళన తరవాత, రాజ్యాంగంలోకి ఆలస్యంగా వచ్చి కూర్చుంది.

ఆంధ్రప్రదేశ్‌లో వెనకబడిన కులాల జాబితా కథ ఇంకా ఆసక్తికరం. 1963లో ప్రభుత్వం ఒక జాబితా ప్రకటించింది. 1966లో హైకోర్టు దాన్ని తోసిపుచ్చింది. వెంటనే మరో జాబితా, దానితోపాటు వైద్యకళాశాలల్లో 20 శాతం సీట్లు. అదీ హైకోర్టులో ఓడింది, 1968లో సుప్రీంకోర్టులోనూ ఓడింది. వెనకబాటుకు ఆధారమేమిటో ప్రభుత్వం కోర్టు ముందు పెట్టలేకపోయింది. చాకలి, మంగలి, వడ్డెర, జాలరి ఇళ్ళు ఊరికి ఏ మూలన ఉంటాయో, ఏ పండక్కి ఎవరి వాకిట్లో మిగులు కూడుకు నిలబడతారో ఊళ్ళో ప్రతి పిల్లవాడికీ తెలుసు. కానీ తెలిసినదాన్ని కోర్టులో రుజువు చెయ్యడానికి ఒక కమిషన్ కావలసి వచ్చింది. అనంతరామన్ కమిషన్ 1968లో ఏర్పడి, జిల్లాలు తిరిగి, 1970లో నివేదిక ఇచ్చింది. ఆ సంవత్సరం సెప్టెంబరులో వచ్చిన జీవో 1793 నాలుగు విభాగాలుగా 25 శాతం నిర్ణయించింది: ఏ 7, బీ 10, సీ 1, డీ 7. 1972లో బలరాం కేసులో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది.

ఈ అంకెల్లో అందరూ దాటిపోయే "సీ 1" దగ్గర మా ప్రాంతంవాళ్ళు ఆగక తప్పదు. షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్ళ కోసం పెట్టిన ఒక్క శాతం అది. గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజున బాప్తిస్మం పొందిన 2,222 మంది మునిమనవళ్ళకు నూరింట ఒక సీటు.

1986లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం మురళీధరరావు కమిషన్ సిఫారసుల ఆధారంగా 25ని 44 చేసింది. రాష్ట్రమంతా ఆందోళనలు, ప్రతి ఆందోళనలు. హైకోర్టు పెంపును కొట్టేసింది, అంకె మళ్ళీ 25 దగ్గరికి వచ్చింది. మండల్ గొడవ 1990లో ఉత్తరాదిలో మొదలైందని రాసే మన వ్యాసకర్తలు, నాలుగేళ్ళ ముందే మన కళాశాలల ఆవరణల్లో ఆ నాటకం పూర్తి రంగాలతో జరిగిందన్న సంగతి మరచిపోతుంటారు.

ఇంతవరకు చెప్పింది కులం గీత. ఇంకో గీత ఉంది, దాన్ని గురించి మన ప్రాంతంలో కూడా మాట్లాడేవాళ్ళు తక్కువ. అది జిల్లా గీత.

1970 ఫిబ్రవరిలో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చింది. గుంటూరు నుంచి ఒంగోలు, అద్దంకి, చీరాల వైపు తీశారు. నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి తీశారు. కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు వైపు తీశారు. మూడు గుడ్డముక్కలు కలిపి కుట్టిన జిల్లా అది. ఆ కుట్టు మీదనే, నెల్లూరు ముక్కా కర్నూలు ముక్కా కలిసిన అతుకు దగ్గర, కొనకనమిట్ల ఉంది. 1985లో మండలమైనా అతుకు అతుకే.

జిల్లా మారితే కలెక్టరు మారతాడు, బస్సు డిపో మారుతుంది, చదువుకి ఏం సంబంధం? అక్కడే ఉంది అసలు సంగతి. 1937 శ్రీబాగ్ ఒప్పందంలో రాయలసీమ నాయకులు అడిగినవాటిలో విశ్వవిద్యాలయం కూడా ఒకటి. వాల్తేరులో ఒక కేంద్రం ఉంటే అనంతపురంలో ఒక కేంద్రం ఉండాలన్నది అందులోని మాట. ఆ మాట అలా ఉండగానే 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. సీమ జిల్లాలూ నెల్లూరూ దాని పరిధి. కాబట్టి 1970 దాకా మా పడమటి తాలూకాల పిల్లవాడు, పొదిలివాడైనా మార్కాపురంవాడైనా, తిరుపతి వైపు చూసినవాడే.

1972–73 ప్రత్యేకాంధ్ర ఉద్యమం తరవాత ఆరు సూత్రాల పథకం, 1973లో 32వ సవరణ, 371–డి అధికరణం వచ్చాయి. 1974లో విద్యాసంస్థల ప్రవేశాల మీద రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. రాష్ట్రాన్ని ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర అని మూడు స్థానిక ప్రాంతాలుగా విభజించి, సీట్లలో 85 శాతం స్థానికులకే అన్నారు. నెల్లూరు, కర్నూలు జిల్లాలు శ్రీ వేంకటేశ్వర ప్రాంతంలో పడ్డాయి. ప్రకాశం జిల్లా శ్రీకాకుళం మొదలు గుంటూరు దాకా ఉన్న కోస్తా జిల్లాల వరసలో పడింది. నాలుగేళ్ళ కిందట గీసిన పాలనా సౌకర్యపు గీత, నాలుగేళ్ళ తరవాత మార్కాపురం పిల్లవాడి పోటీ ఎవరితోనో నిర్ణయించింది. నిన్నటిదాకా నంద్యాల, కడప, ఆత్మకూరు మెట్ట పిల్లలతో వరసలో నిలబడ్డవాడు, ఇవాళ కృష్ణా గుంటూరు డెల్టా పిల్లలతో నిలబడ్డాడు. కాలువ కింద రెండు పంటల భూమి, ఆ పంటల మిగులుతో వెలిసిన కళాశాలలు, ఆ తరవాత ఎంసెట్ శిక్షణాలయాలు ఉన్నవాళ్ళూ, బోరు ఎండితే వలసపోయేవాళ్ళూ కాగితం మీద ఒకే స్థానికులయ్యారు.

ఇక్కడ రెండో వైపు కూడా చూడాలి. కోస్తా ప్రాంతంలో కళాశాలలు ఎక్కువ, సీట్లు ఎక్కువ. ఒంగోలు, గుంటూరు మాకు తిరుపతికన్నా దగ్గర. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం రావడంతో మా వాళ్ళకు మేలు కలగలేదని అనను. ఒంగోలులో దాని స్నాతకోత్తర కేంద్రమే 2020ల మొదట్లో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయానికి పునాది అయింది. నా ఆక్షేపణ పోటీ కష్టమైందని కాదు. వెనకబాటును కొలిచే ఉత్తర్వు వెనకబాటును జిల్లా లెక్కన, విశ్వవిద్యాలయం లెక్కన కొలిచి, నేల లెక్కన కొలవలేదని. సముద్రం ఒడ్డున చీరాలా, నల్లమల అంచున గిద్దలూరూ ఒకే కొలతలో పడితే, ఆ కొలత ఎవరికి చిన్నదవుతుందో వేరే చెప్పనక్కరలేదు. పైగా స్థానికత్వానికి వరసగా నాలుగేళ్ళ చదువు రుజువు కావాలి. మిరప కోతకు తల్లిదండ్రులతో పోయి మధ్యలో చదువు తెగిన పిల్లవాడు నివాసపత్రం కోసం తాసిల్దారు కచేరీ చుట్టూ తిరగాలి. నిలకడగా ఒకచోట బతకగలిగినవాడికి సులువుగా దొరికే హక్కు అది.

మూడో గీత భాష. 1968లో తెలుగు అకాడమీ, ఆ కాలంలోనే డిగ్రీ స్థాయిలో తెలుగు మాధ్యమం వచ్చాయి. ఆ రెండూ లేకపోతే పడమటి తాలూకాల్లో డిగ్రీ అన్న మాట చాలా ఇళ్ళకు చేరేది కాదు. అకాడమీ పుస్తకాల అనువాదాల మీద మన భాషావేత్తలు చేసిన ఎగతాళిలో కొంత నిజముంది, ఆ పరిభాష కొన్నిచోట్ల సంస్కృతం కన్నా గట్టిది. అయినా ఆ పుస్తకం చదివి చరిత్రో అర్థశాస్త్రమో గట్టెక్కిన మొదటితరం పట్టభద్రుడికి దాని విలువ తెలుసు. డిగ్రీ తరవాత మాత్రం తలుపు మళ్ళీ ఇంగ్లీషులోకి తెరుచుకుంటుంది. అప్పుడు ఇంగ్లీషు అడగని చోటు ఒక్కటే కనిపిస్తుంది, తెలుగు శాఖ. తెలుగు ఎం.ఎ.లో చేరినవాళ్ళంతా పోతన మీద మోజుతో చేరలేదు. నేనూ మోజుతో చేరలేదు. అందుబాటులో ఉన్న తలుపు అది. కానీ ఆ తలుపులోంచి వచ్చినవాళ్ళే పోతనను కొత్తగా చదివారు, జాషువాను పాఠ్యాంశంగా నిలబెట్టారు, మౌఖిక సాహిత్యం పేరుతో తమ అవ్వల పాటల్ని పరిశోధన వస్తువు చేశారు.

జాషువా సంగతి ఇక్కడ చెప్పాలి. ఆయన ఊరు వినుకొండ, మా సరిహద్దు. 1895లో పుట్టిన ఆ కవి చిన్ననాడు బడిలో పడ్డ అవమానాలు అందరికీ తెలిసినవే. ఉభయభాషాప్రవీణ పరీక్షకు ప్రైవేటుగా చదువుకుని ఉపాధ్యాయుడయ్యాడు. 1970లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనకు కళాప్రపూర్ణ ఇచ్చింది. ఆ తరువాతి ఏడే ఆయన పోయాడు. విశ్వవిద్యాలయం ఒక మనిషిని విద్యార్థిగా పిలవవలసిన వయసులో పిలవక, డెబ్బై అయిదో ఏట శాలువాతో పిలిచింది. బోయి భీమన్న పాలేరు నాటకం చదువుకుని అధికారి అయ్యే పాలేరు కథను 1940ల పల్లెల్లో రంగస్థలం మీద నిలబెట్టింది. ఆ నాటకంలో పరిష్కారం మరీ సులువని విమర్శకులం అనవచ్చు. ఆ నాటకం చూసి పిల్లల్ని బడికి పంపిన తండ్రుల ముందు మన విమర్శకు అంత బరువుండదు. 1995లో చిక్కనవుతున్న పాట సంకలనం వచ్చేనాటికి పాలేరు కొడుకు అధికారి కావడం కథ ముగింపు కాలేదు. అధికారి అయ్యాక, ఆచార్యుడయ్యాక కూడా ఇంటిపేరు వెనక నడిచొచ్చే ఊరి కథ మొదలైంది.

వర్గం తేలితే కులం తేలిపోతుందన్న సూత్రంతో మన అభ్యుదయ విమర్శ ఆ కవిత్వాన్ని మొదట్లో అనుమానంగానే చూసింది. సూత్రం కన్నా హాస్టలు గది ఎక్కువ నేర్పింది. అక్కడ ఇద్దరు కూలివాళ్ళ కొడుకులు ఒకే గదిలో ఉంటారు, ఒకే పప్పు తింటారు, ఒకడి ర్యాంకు అడిగి రెండోవాడు నవ్వుతాడు. నేను చదివిన చోట మొదటివారం పరిచయాలు "ఏ ఊరు?" తో మొదలై "ర్యాంకు ఎంత?" దగ్గర ఆగేవి. నేరుగా కులం అడగడం నాగరికం కాదు కనుక ర్యాంకు అడిగేవారు. అప్పటికీ తేలకపోతే "మీ ఇల్లు ఊళ్ళో ఎటు?" అనేవారు.

ఈ అనుభవం లోపలికి కూడా తిరిగింది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైంది. షెడ్యూల్డు కులాలకు 15 శాతం అంటే అందులో ఎవరికి ఎంత చేరుతోందని అది అడిగింది. క్లౌ బడికి 1866లో పేరయ్య వెంట నడిచినవాళ్ళ వారసులు, అదే జిల్లా నేల మీద, ఈసారి తోటి అంటరానివాడి పక్కన నిలబడి లెక్క అడిగారు. ఆ అడగడం చాలామంది మిత్రులకు నచ్చలేదు, ఐక్యత చెడుతుందన్నారు. వాటా అడిగినప్పుడల్లా ఐక్యత గుర్తుకు రావడం మన కుటుంబాల్లో అన్నదమ్ములకు కొత్త కాదు. రామచంద్రరాజు కమిషన్ తరవాత 15ని 1, 7, 6, 1గా విభజించారు. 2000లో చట్టమైంది. ఆ కొద్దికాలంలో సీట్లు పొందిన విద్యార్థులుండగానే 2004లో చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. షెడ్యూల్డు కులాలన్నీ ఒకే ముద్ద, విడదీయరాదన్నారు. మళ్ళీ ఇరవై ఏళ్ళు. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును పక్కనపెట్టింది. 2025లో ఆంధ్రప్రదేశ్ 1, 6.5, 7.5గా మూడు భాగాలు చేసింది. ఈదుమూడి రోజున పుట్టిన పిల్లవాడు విశ్వవిద్యాలయం వయసు దాటి, ముప్పై ఏళ్ళవాడై, ఆ వార్త చదివాడు. ఆ మధ్యకాలంలో వచ్చిన నాగప్పగారి సుందర్రాజు మాదిగోడు కథల్ని (1997) ఈ తేదీల పక్కన పెట్టి చదివితే వాటిలోని కోపం శైలీవిశేషంగా కాక చరిత్రగా అర్థమవుతుంది.

ఆడపిల్లల సంగతి ఈ వ్యాసంలో ఇరికించలేనంత పెద్దది, విడిగా రాయవలసినది. రెండు తేదీలు మాత్రం చెబుతాను. 1982లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది, దేశంలో అలాంటివాటిలో మొదటిది. 1991లో దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. ఇంటర్ లేకపోయినా అర్హతా పరీక్షతో డిగ్రీలో చేరవచ్చన్న దాని నిబంధన, పదిహేనో ఏట పెళ్ళయి చదువాగిన ఆడవాళ్ళ పాలిట ఏ మహాకావ్యమూ చెయ్యని మేలు చేసింది. 1983లో తిరుపతిలో పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం వచ్చింది. కూతుర్ని పై చదువుకు పంపను అనే తండ్రిని "ఆడపిల్లల చోటేనయ్యా" అని ఒప్పించడానికి మాలాంటి ఉపాధ్యాయులకు ఆ పేరు ఎన్నోసార్లు పనికొచ్చింది. విడిగా కట్టిన గడప సమానత్వమా కాదా అన్న చర్చ ఆ తండ్రి ముందు పెట్టలేం.

గడప దాటాక ఏమవుతుంది? 1974లో ఆరు సూత్రాల పథకం ఫలంగా ఏర్పడిన హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో గుంటూరు యువకుడు రోహిత్ వేముల పరిశోధక విద్యార్థి. 2015 డిసెంబరులో నలుగురు సహచరులతోపాటు హాస్టలు నుంచి వెలివేతకు గురై, 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. దానికి నాలుగేళ్ళ ముందే, 2012లో, విశ్వవిద్యాలయాల్లో సమతను కాపాడే నిబంధనల్ని యు.జి.సి. తెచ్చి ఉంది. వివక్ష అంటే ఏమిటో వాటిలో నిర్వచనాలున్నాయి, ఫిర్యాదు ఎవరికి చెయ్యాలో ఉంది. 2019లో రోహిత్ తల్లీ, ముంబయిలో అలాగే బిడ్డను పోగొట్టుకున్న పాయల్ తాడ్వి తల్లీ కలిసి, ఆ నిబంధనలు అమలు చెయ్యమని సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఇద్దరు తల్లులు వెళ్ళవలసి వచ్చింది. రోహిత్ మరణం తరవాత ఏళ్ళ తరబడి అధికారులు తేల్చబూనిన విషయం అతన్ని ఎవరు వెలివేశారన్నది కాదు, తల్లి కులమా తండ్రి కులమా, అతని సర్టిఫికెట్ చెల్లుతుందా అన్నది. అడ్మిషన్ రిజిస్టరులో ఆ గడి నింపే నా వంటివాడికి ఆ వార్తలు చదివినప్పుడు చెయ్యి కాసేపు ఆగింది.

కులం, జిల్లా, భాష కాక బడి ఆధారంగా వెనకబాటును కొలిచిన ప్రయత్నం మన రాష్ట్రంలో ఒకటుంది. 2008లో రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయం పదో తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థుల కోసం నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో మొదలైంది. 2016లో ఒంగోలు పేరుతో మరొకటి చేరింది. శిక్షణాలయాల ప్రవేశపరీక్ష లేకుండా పదో తరగతి ఫలితమే ఆధారం చెయ్యడం, వసతిలేని ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవాళ్ళ గ్రేడు పాయింట్లకు ఒకప్పుడు 0.4 కలపడం దాని విశేషం. ట్రిపుల్ ఐటీ అని అందరూ పిలిచే ఆ సీటు మా పడమటి మండలాల్లో ప్రతి జూన్‌లో ఒక పండగ. ఆ 0.4 వల్ల పోయినవాళ్ళు నాకు తెలుసు. అది లేకపోతే పోలేకపోయేవాళ్ళే.

ఆ 0.4లో కూడా ఒక షరతు ఉండేది, వసతిలేని బడి అన్నది. 1971లో సర్వేలులో మొదలైన గురుకుల పద్ధతి తరవాత సాంఘిక సంక్షేమ గురుకులాలుగా విస్తరించి, అమ్మానాన్నలు వలసపోయే పిల్లల్ని చేర్చుకుని నిలబెట్టింది. గురుకులంలో మూడుపూటలా తిండీ రాత్రి చదువూ ఉన్నాయి కనుక వాళ్ళకు ఆ కలపడం అక్కర్లేదని లెక్క వేసినవాళ్ళ వాదన. మిరప కోతకు పోతూ పిల్లను గురుకులంలో వదిలిన తల్లిదండ్రులకూ, తమతో తీసుకుపోకుండా అవ్వ దగ్గర వదిలి మా బడికి పంపిన తల్లిదండ్రులకూ మధ్య 0.4 తేడా ఉండేది. ఇద్దరూ ఒకే వీధివాళ్ళు. ఫలితాలు వచ్చిన వారం ఆ ఇద్దరూ ఒకే బస్సులో గుంటూరు నుంచి దిగి, పిల్లల మార్కుల కాగితాలు పట్టుకుని, ఎవరి బడికి వాళ్ళు వస్తారు.